సీసా మీద ఒక సైజు, రక్తనాళంలో మరొకటి

కుందేలు కాలేయ ధమనిని మూసే పదార్థాల్లో ఏది ఎంత లోపలికి వెళ్లి ఆగుతుందో పోల్చి చూడటం నా పరిశోధనాంశం. కాలేయ క్యాన్సర్ గడ్డకు రక్తం అందకుండా చేసే చికిత్సలో వాడేవీ ఈ పదార్థాలే.

మొదటి గడప జంతు నైతికత కమిటీ. జంతువుల మీద ప్రయోగానికి అనుమతి కోరే ఫారం బి ఇచ్చాక సభ్యులు రెండు ప్రశ్నలు వదల్లేదు: ఎలుకలు ఎందుకు పనికిరావు? ఇన్ని కుందేళ్లు ఎందుకు? మొదటిదానికి జవాబు తేలికే. ఎలుక కాలేయ ధమని మరీ సన్నం. కుందేలుకు ఇంచుమించు మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి కష్టపడితే మైక్రోకాథెటర్ (పదార్థాన్ని నాళంలోకి పంపే సన్నని గొట్టం) దూరుతుంది. సంఖ్యకు మాత్రం గణాంకాల లెక్క చూపించమన్నారు. విసుగు వచ్చింది గానీ, అడగాల్సిన ప్రశ్నే.

జెలటిన్ స్పాంజి అన్నిటిలోకీ చవక, చాకిరీ మాత్రం దానికే ఎక్కువ. కత్తెరతో సన్నగా తరిగి, ఎక్స్-రేలో కనిపించే ద్రవమైన కాంట్రాస్ట్‌లో నానబెట్టి, త్రీవే అనే మూడు దారుల కవాటానికి రెండు వైపులా సిరంజిలు బిగించి, మెత్తగా నలిగేదాకా అటూ ఇటూ నెట్టాలి. ముక్కల సైజు తరిగే చేతిని బట్టి మారుతుంది. పైగా కొన్ని వారాల్లో కరిగిపోతుంది, ధమని మళ్లీ తెరుచుకోవచ్చు. జిగురు మందును పోలికలోకి తేలేదు. రక్తం తగలగానే గట్టిపడే ద్రవానికి సైజేమిటి?

అసలు పోటీ పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్ అనే ప్లాస్టిక్) రేణువులకూ, మైక్రోస్పియర్లనే గుండ్రటి సూక్ష్మ పూసలకూ మధ్య. రెండు సీసాల మీదా ఒకే సైజు. పీవీఏవి గరుకు అంచుల తునకలు. లోపల చోటున్నా బస్సు గుమ్మం దగ్గరే గుంపు కట్టే ప్రయాణికుల్లా పెద్ద కొమ్మల్లోనే ఇరుక్కుంటాయి. ఎక్స్-రే తెర మీద రక్త ప్రవాహం ఆగిపోతుంది, పని అయిపోయిందనిపిస్తుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే చివరి కొమ్మలు చాలావరకు ఖాళీ. మైక్రోస్పియర్లు గుండ్రంగా ఉండి కాస్త నొక్కుకుంటాయి గనుక జారుకుంటూ లోపలికి పోతాయి. స్లైడు మీద సన్నని నాళాల్లో గుండ్రటి బంతులు వరుసగా కనిపించాయి.

ఎంత లోతుకు వెళితే అంత మంచిదని నేననను. కాలేయానికి వచ్చే రక్తంలో దాదాపు 75 శాతం పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిరదే. ధమని మూసినా ఆరోగ్యకరమైన కాలేయ కణాలు చాలావరకు తట్టుకుంటాయి. పిత్తనాళాలకు మాత్రం ధమనే దిక్కు, మరీ లోతున మూస్తే అవి దెబ్బతినవచ్చు. అందుకే నేను కణాల కన్నా ముందు పిత్తనాళాల గోడలనే చూసేవాడిని.

కొలతల దగ్గర ఒక చిక్కు ఉంది. ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోతపోసేసరికి కణజాలం కుంచించుకుపోతుంది. స్లైడు మీద నాళం అసలు కన్నా సన్నగా కనిపిస్తుంది. కాబట్టి అన్ని నమూనాలనూ ఒకే తీరులో తయారు చేయించి, వాటిలో వాటినే పోల్చాను. అంత కుంచించుకున్న తరువాత కూడా పీవీఏ ఇరుక్కున్న నాళాలు సీసా మీది సైజు కన్నా పెద్దగానే ఉన్నాయంటే, బతికున్న కుందేలులో తేడా ఇంకా ఎక్కువే అయి ఉండాలి.