నందివర్ధనం పక్కన గుణకారం గుర్తు

మర్రిపాలెంలో మా పెరటి కుళాయికీ నందివర్ధనం చెట్టుకూ మధ్య మనిషి పట్టేంత సందు ఉంటుంది. సెప్టెంబరు చివర్లో ఒక ఉదయం బిందెతో అటు వెళ్లబోయి టక్కున ఆగిపోయాను. ముఖానికి జానెడు దూరంలో సాలెగూడు. నడిమధ్య తెల్లటి దారంతో మెలికలు మెలికలుగా కుట్టిన గుణకారం గుర్తు. దాని మీద తలకిందులుగా ఒక సాలీడు. పొట్ట మీద పసుపు, గోధుమ రంగు చారలు.

అత్తయ్య బూజుకర్ర పట్టుకుని వచ్చారు. "నాలుగు కాళ్ల పురుగేమిటమ్మా ఇది! ఒంటి మీద పాకితే పొక్కులు లేస్తాయి, దులిపెయ్" అన్నారు. కాళ్లు నాలుగు కావు, ఎనిమిదే. రెండేసి జత చేసి ఆ గుర్తు గీతల వెంట చాపుకుంటుంది కాబట్టి అలా కనబడుతుంది. ఇక పొక్కుల మాట మా ఇంట్లో అందరూ నమ్మేదే. కానీ రాత్రి దీపాల చుట్టూ చేరే ఒక సన్నటి పురుగు చర్మం మీద నలిగితే, దాని రసం వల్ల అలాంటి పొక్కులు లేస్తాయి. నింద మాత్రం సాలీడు మీద పడుతుంది. ఈ జాతిని సిగ్నేచర్ స్పైడర్ అంటారు. గూటిలో సంతకం పెట్టినట్టు ఉంటుందని ఆ పేరు. మనుషులకు దీనివల్ల ప్రమాదం లేదు. ఒక్క రోజు ఉండనివ్వమని అత్తయ్యను బతిమాలుకున్నాను.

ఆ ఒక్క రోజు రెండు నెలలైంది. కుళాయికి అరటి చెట్టు చుట్టూ తిరిగి వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

ఒక మధ్యాహ్నం మిడత ఒకటి గూటిలో పడింది. సాలీడుకు ఎనిమిది కళ్లున్నా చూపు అంతంత మాత్రమే, దారం అదిరితే తెలుసుకుంటుంది. ఒక్క పరుగున వెళ్లింది. ముందు కరవలేదు. పొట్ట చివర నుంచి పట్టును పొరలు పొరలుగా లాగుతూ, వెనక కాళ్లతో మిడతను గిరగిరా తిప్పుతూ చుట్టేసింది. మిడత తెల్లటి పొట్లమయ్యాకే కాటు వేసింది. ఊపిరి బిగబట్టి చూశాను. మరోసారి గడ్డిపోచతో గూడు అంచును తాకితే గూడంతా ఊయలలా ఊపేసింది. అది భయంతో చేసే పని అని తెలిశాక మళ్లీ ముట్టుకోలేదు.

అక్టోబరులో వాయుగుండం పట్టి రాత్రంతా గాలివాన కురిసింది. తెల్లారేసరికి గూడు లేదు, ఆకు చాటున సాలీడు ముడుచుకుని ఉంది. మర్నాడు కొత్త గూడు! గుర్తు మాత్రం సగమే, నాలుగు చేతుల్లో రెండే వేసింది. ఈ గుర్తు ఎందుకన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. పురుగులను ఆకర్షించడానికని కొందరు, పక్షులు గూటిని చూసి తప్పుకోవడానికని కొందరు అంటారు. నా మనసు రెండో మాట వైపే. మా పెరట్లో పొద్దున్నే పిగిలిపిట్టల రాకపోకలు అంతగా ఉంటాయి మరి.

నవంబరులో గూటి అంచున ఒక బుల్లి సాలీడు కనిపించింది. పిల్ల అనుకున్నాను, కాదు, మగది. ఆడదానిలో సగమైనా లేదు. కొన్నాళ్లకు అది మాయమైంది. తరువాత సన్‌షేడ్ కింద దారాలతో వేలాడే చిన్న పట్టు సంచి కనిపించింది. అందులో గుడ్లు. డిసెంబరు రాకముందే ఆడది కూడా కనబడకుండా పోయింది. నాకు చాలా దిగులేసింది.

సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు అత్తయ్య ఆ మూలకు కర్ర పెట్టలేదు. "పిల్లలు ఎప్పుడు వస్తాయంటావు?" అని అడిగారు. సంచి ఇంకా అలాగే వేలాడుతోంది. నేనూ ఇంకా అరటి చెట్టు చుట్టూ తిరిగే వెళుతున్నాను.