అమ్మకు అమెరికా కోర్టుల పాఠం, నాకు మామయ్య క్రాస్ ఎగ్జామినేషన్

అమ్మ సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ పాసైంది. ఆ ఊపులోనే రాసేస్తున్నా.

వయసు 55 దాటి, గ్రీన్‌కార్డు వచ్చి 15 ఏళ్లు నిండినవాళ్లకు ఇంగ్లీషు పరీక్ష ఉండదు. సివిక్స్ ప్రశ్నలకు తెలుగులోనే జవాబు చెప్పొచ్చు, ఇంటర్‌ప్రెటర్‌ను మనమే తీసుకెళ్లాలి. ఫారం, వేలిముద్రలు ఇబ్బంది లేకుండా అయిపోయాయి. కొత్త పరీక్షలో మొత్తం 128 ప్రశ్నలు. 20 అడుగుతారు, 12 చెబితే గట్టెక్కినట్టే. డబ్బు తీసుకుని కోచింగ్ ఇస్తామనేవాళ్ల జోలికి మాత్రం పోకండి. మాకు దొరికినాయన బట్టీ కొట్టమన్నాడే గానీ ఒక్కదానికీ అర్థం చెప్పలేదు. అమ్మేమో అర్థం కానిది బుర్రకెక్కించుకునే మనిషి కాదు. అందుకే కోర్టుల గురించి చెప్పే అమెరికా రాజ్యాంగం మూడో అధికరణం నేనే చెప్పడం మొదలుపెట్టా.

కోర్టుల సంగతి ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. సుప్రీంకోర్టు ఒకటి ఉండాలన్నది రాజ్యాంగం మాట. కింది ఫెడరల్ కోర్టులు పెట్టేది కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు. జడ్జీలు తొమ్మిది మందన్న లెక్క రాజ్యాంగంలో లేదు, 1869 నాటి చట్టంతో వచ్చింది. మన సుప్రీంకోర్టులోలా 65కి రిటైర్మెంట్ లేదు. సవ్యంగా నడుచుకున్నంత కాలం పదవి ఉంటుంది, జీతం తగ్గించడానికి వీల్లేదు. "అంటే ఎవరికీ భయపడక్కర్లేదన్నమాట" అంది అమ్మ. అసలు జవాబే అది.

చిక్కంతా అదే అధికరణంలో ఉన్న దేశద్రోహం దగ్గర వచ్చింది. పరీక్షకు అక్కర్లేకపోయినా, విధేయత ప్రమాణం చేయాలనేసరికి అమ్మకు టెన్షన్ పట్టుకుంది. "ప్రమాణం చేశాక ఈ ప్రభుత్వాన్ని తిడితే దేశద్రోహమవుతుందా?" అని ఒకటే అడగడం. కాదన్నాను. నమ్మకుండా పెద్ద మామయ్యకు వీడియో కాల్ చేసింది.

మామయ్య జిల్లా కోర్టులో శిరస్తాదారుగా రిటైరయ్యారు. పక్కన మా అత్తగారి వైపు వాళ్లు ఉండగానే "ఏ కాలేజీలో లా చదివావు అల్లుడూ?" అన్నారు. "1908లో తిలక్ గారికి పత్రికలో రాసినందుకే ఆరేళ్లు వేసి మాండలే పంపారు. నువ్వు తిట్టినా ఏం కాదంటావా?" అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా.

ఉక్రోషంతోనే మొదలుపెట్టా. ఈ రాజ్యాంగం నిర్వచించిన నేరం ఇదొక్కటే. దేశం మీద యుద్ధం చేయడం, లేదా శత్రువుల పక్షం చేరి వాళ్లకు సాయపడటం, అంతే. రాసినవాళ్లలో చాలామంది బ్రిటిష్ రాజు మీద తిరగబడ్డవాళ్లే, ఓడిపోయి ఉంటే వాళ్ల మెడకే పడేది ఈ నేరం. అందుకే దాన్ని ఇష్టమొచ్చినట్టు సాగదీయకుండా కట్టేశారు. నిందితుడు నిండు కోర్టులో ఒప్పుకోవాలి, లేదా అతను చేసిన ఒకే పనికి ఇద్దరు సాక్షులుండాలి.

"ఒకడు సోమవారం ఒకటి చూశాడు, ఇంకొకడు మంగళవారం వేరేది చూశాడు. చాలదా?"

"చాలదు మామయ్యా."

"కేసేదైనా చెప్పు."

1807లో రిచ్‌మండ్‌లో ఆరన్ బర్ కేసు చెప్పాను. మాజీ ఉపాధ్యక్షుడు. దేశం మీద యుద్ధానికి ఒహాయో నదిలో ఒక దీవి మీద మనుషుల్ని పోగేశాడని అభియోగం. వాళ్లు పోగైనప్పుడు బర్ అక్కడ లేడు. సాక్ష్యం విషయంలో చీఫ్ జస్టిస్ మార్షల్ గట్టిగా పట్టుబట్టడంతో జ్యూరీ వదిలేసింది.

"సాక్షులు అడ్డం తిరిగారా?" ముప్ఫై ఏళ్ల సర్వీసు ఆ ప్రశ్నలో వినిపించింది. లేదు, చూపించిన సాక్ష్యంతో నేరం రుజువు కాలేదన్నారని చెప్పాను. తండ్రి ద్రోహానికి పిల్లల వారసత్వం పోకూడదన్న మాట కూడా అందులోనే ఉందన్నాక ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "బాగానే రాశారే" అన్నారు. నాతో కాదు, అమ్మతో.

ఇంటర్వ్యూలో జడ్జీలకు జీవితకాల పదవి ఎందుకని అడిగారట. అమ్మ తడుముకోలేదు. ఇక ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేసి ఓసీఐకి, అంటే భారత సంతతి విదేశీయులకిచ్చే కార్డుకి పెట్టాలి. ఆ ఫారాలు మాత్రం మామయ్యనే చూడమన్నాను.