దొండకాయ పక్షాన

మన హాస్టలు బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి కొంతకాలంగా ఫోను చేస్తూనే ఉన్నాడు. గురువుల గురించి, క్రమశిక్షణ గురించి మిగిలినవాళ్లందరూ రాసేశారనీ, ఉద్యోగమంతా ఉద్యాన శాఖలో వెలగబెట్టినవాడిని గనుక మెస్సు కూరల గురించి రాయడం నా బాధ్యత అనీ అతని వాదన. తిండి విషయంలో 22వ నంబరు మిత్రుడు బరిలో ఉండగా మన 1986 పదో తరగతి జట్టులో మరొకరు కలం పట్టడం సాహసమే అయినా, కూరల మీద నాకు గట్టి అభిప్రాయాలు ఉన్న మాట నిజం కాబట్టి ఒప్పుకున్నాను.

వంకాయతో మనలో ఎవరికీ తగవు లేదు. తగవంతా అందులోని పురుగుతోనే. మొవ్వునూ కాయనూ తొలిచే ఆ పురుగు బయటకు కనిపించదు, కోసినప్పుడే తన ఉనికిని చాటుకుంటుంది. బస్తాల లెక్కన వంకాయలు దించే మన వంటశాలలో ప్రతి కాయనూ విప్పి చూసే తీరిక ఎవరికి ఉంటుంది? శుద్ధ శాకాహారి అయిన 14వ నంబరు కంచం పట్టుకుని ట్యూబ్‌లైటు కిందికి వెళ్లి, ఒక్కొక్క ముక్కనూ పరిశీలించి, తన వంశ గౌరవానికి భంగం కలగలేదని నిర్ధారించుకున్న తరువాతనే నోట పెట్టుకునేవాడు. ఆ పురుగును తట్టుకునేలా జన్యువులు మార్చి తయారు చేసిన బీటీ వంకాయపై 2010 జనవరిలో హైదరాబాదులో బహిరంగ విచారణ జరిగినప్పుడు నేను వెనుక వరుసలో కూర్చుని విన్నాను. రైతులూ శాస్త్రవేత్తలూ ఒకరి మాట ఒకరికి వినబడనంతగా వాదించుకుంటూ ఉంటే, వీళ్లందరికంటె ముందు 14వ నంబరు సాక్ష్యం తీసుకోవాలి కదా అనిపించింది. ఆ ఫిబ్రవరి 9న అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దానిని నిలిపివేశారు. కనుక మిత్రమా, నీ ట్యూబ్‌లైటు పరీక్ష ఇప్పటికీ అవసరమే.

బెండకాయ తింటే లెక్కలు వస్తాయని ఇళ్లలో చెప్పి పంపిన కారణంగా, లెక్కల పరీక్షకు ముందు రోజు ఆ కూర గుండిగ అడుగు కనిపించేది. మన వంటన్న దాని మీద మూత పెట్టి, నీళ్లు పోసి ఉడికించి, కాయలోని జిగురంతటినీ బయటికి రప్పించి వడ్డించేవాడు. మూత తీసి, నీరు తగలనివ్వకుండా, చివర కాస్త చింతపండు పులుసు చేర్చి ఉంటే అదే కూర మరోలా ఉండేది. చేమదుంప దురద కూడా అలాంటిదే. దుంపలో ఉండే సూదుల వంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు గొంతులో గుచ్చుకోవడమే దానికి కారణమని, పులుపు వేసి బాగా ఉడికిస్తే ఆ బాధ తగ్గుతుందని సైన్సు మాస్టారు వంటశాల గుమ్మం దగ్గర నిలబడి ఎన్నిసార్లు చెప్పినా, చింతపండు లెక్క స్టోరు రిజిస్టరులో వేరుగా ఉండేది గనుక వినేవాళ్లు లేకపోయారు. పొట్లకాయ గురించి నేను ఏమీ చెప్పను. అది నిటారుగా ఎదగడానికి కొసన రాయి కట్టే పని నాదే కాబట్టి, ఆ విషయంలో నన్ను క్షమించని వాళ్లు ఇంకా కొందరు ఉన్నారు.

ఏడు, ఎనిమిది తరగతులలో ఏమి జరిగిందో నాకు జ్ఞాపకం లేదు. ఏదో జరిగే ఉంటుంది. నా బడి చరిత్ర అంతా పదో తరగతి జనవరిలో, దొండకాయ మీద నడిచిన విచారణలో ఇమిడి ఉంది.

దొండ బుద్ధిని హరిస్తుందనీ, వస బుద్ధిని పెంచుతుందనీ చెప్పే సంస్కృత వాక్యాన్ని తెలుగు మాస్టారు ఒకనాడు తరగతిలో యథాలాపంగా చదివారు. ఆ సాయంత్రానికల్లా 9వ నంబరు, అప్పటికే వకీలు లక్షణాలన్నీ ఉన్నవాడు, ఠావు కాగితం మీద ఒక విజ్ఞాపన తయారు చేశాడు. పబ్లిక్ పరీక్షలు ముగిసేదాకా మెస్సులో దొండకాయను నిషేధించాలనీ, అలా చేయని పక్షంలో ఫలితాలకు యాజమాన్యమే బాధ్యత వహించాలనీ దాని సారాంశం. తరగతి మొత్తం సంతకాలు చేసింది, నేను తప్ప. తోట మానిటరుగా ఆ పందిరికి నీళ్లు కట్టేవాణ్ణి నేనే. ఆ కాయ పేరుతోనే మీరు నన్ను పిలిచేవారు. ఏ ముఖం పెట్టుకుని సంతకం చేస్తాను?

సైన్సు మాస్టారే డిప్యూటీ వార్డెను కూడా కావడంతో కాగితం ఆయన చేతికే వెళ్లింది. మరొకరైతే బెత్తం తీసేవారు. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, విచారణ జరపకుండా ఎవరికీ శిక్ష వేయరాదనీ, దొండకాయకు కూడా ఆ హక్కు ఉందనీ ప్రకటించారు. శనివారం సాయంత్రం ప్రార్థన హాలులో హెడ్మాస్టరు గారు న్యాయమూర్తిగా, 9వ నంబరు ఫిర్యాది పక్షాన, నేను ముద్దాయి పక్షాన, తెలుగు మాస్టారు ముఖ్య సాక్షిగా కొలువు తీరిన ఆ సభను మీలో ఎవరు మరిచిపోయారో చేతులెత్తండి.

అంతకు ముందు వారమంతా సైన్సు మాస్టారు నన్ను తోటలోనే తయారు చేశారు. స్నానాల కుళాయిల నీరు కాలువ కట్టి మళ్లించిన ఆ పందిరి కిందనే, దొండలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు అని నేను తెలుసుకున్నాను. సొర, బీర, కాకర, పొట్ల తీగలలో రెండు రకాల పూలూ ఒకే తీగ మీద పూస్తాయి. దొండ మాత్రం ఆ పద్ధతికి ఒప్పుకోదు. అందుకే దానిని విత్తనం వేసి పెంచరు. కాపు బాగా ఉన్న ఆడ తీగ నుంచి పెన్సిలు మందాన, నాలుగు కణుపులున్న ముక్క కత్తిరించి నాటుతారు. ఒకసారి పందిరి ఎక్కిందంటే కొన్నేళ్లపాటు దిగదు, వారం వారం కోసినా విసుక్కోదు. మన కంచంలో అది అంత తరచుగా కనిపించడానికి కారణం ఎవరి కక్షా కాదు, ఆ తీగ స్వభావమే.

సభలో నేను ముందుగా గత సంవత్సరపు ఫలితాలను ఎత్తుకున్నాను. ఇదే పందిరి కాయలు తిన్న మన పై తరగతి వాళ్లందరూ ఉత్తీర్ణులయ్యారు కదా అన్నాను. తినకపోయి ఉంటే వాళ్లకు రాష్ట్రస్థాయి ర్యాంకులే వచ్చేవేమో ఎవరు చెప్పగలరని 9వ నంబరు ఎదురు ప్రశ్న వేసేసరికి హాలంతా చప్పట్లు. అప్పుడు మాస్టారు నేర్పి పెట్టిన రెండో అస్త్రం తీశాను. అందమైన పెదవులను మన కవులు దేనితో పోల్చారో సాక్షి గారు సెలవియ్యాలని అడిగాను. తెలుగు మాస్టారు కాసేపు కండువా సర్దుకుని, బింబఫలంతో అని ఒప్పుకున్నారు. బింబఫలం అంటే ఏమిటో కూడా సభకు తెలియజేయాలని కోరాను. దొండపండు, అన్నారు ఆయన. హెడ్మాస్టరు గారికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. కవులు కావ్యాలలో ఎక్కించిన కాయను విద్యార్థులు కంచంలోకి రానివ్వకపోవడం సరస్వతీదేవికి సమ్మతమేనా అని నేను గొంతు పెంచి ముగించబోయాను. కాని పండితుడు పండితుడే. కవులు పొగిడింది పండును, మెస్సులో పెడుతున్నది పచ్చికాయను, అదీ నీళ్లలో ఉడికించి. ఇలా వండితే ఏ కాయ అయినా బుద్ధిని హరిస్తుంది అని ఆయన తేల్చేశారు. ఆ ఒక్క మాటతో కేసు కాయ మీది నుంచి వంటన్న మీదికి మళ్లింది. కిటికీ దగ్గర నిలబడి వింటున్న వంటన్న గంటెతో సహా మాయమయ్యాడు.

తీర్పు ఇవ్వడానికి ఆధారాలు చాలవన్న హెడ్మాస్టరు గారికి సైన్సు మాస్టారు ఒక ప్రయోగం సూచించారు. ఎడమ వరుసల వాళ్లు ఎప్పటిలా దొండకాయ తినాలి; కుడి వరుసల వాళ్లకు ఆ రోజులలో పొట్లకాయ పెట్టాలి; యూనిట్ పరీక్ష మార్కులు పోల్చి చూడాలి. ఆ తరువాతి సంగతి మీకు తెలియనిది కాదు. రెండో వారానికే కుడి వరుసల వాళ్లు లైను మారి ఎడమ వరుసలలో దూరడం మొదలుపెట్టారు. దూరినవాళ్లలో మొదటివాడు విజ్ఞాపన రాసినవాడే. చివరికి ఫిర్యాదుదారులే ఫిర్యాదును వాపసు తీసుకున్నారు. మార్కులలో తేడా ఏమీ కనిపించలేదని మాస్టారు బోర్డు మీద రాశారు. వరుసలు కలగాపులగమైపోయాయి కనుక ఈ ఫలితం కూడా చెల్లదని దాని కింద ఆయనే రాశారు. తనకు అనుకూలంగా వచ్చిన లెక్కను తానే కొట్టివేసిన మనిషిని నేను ఉద్యోగంలో చాలా అరుదుగా చూశాను. జూన్‌లో టీసీ కోసం వెళ్లినప్పుడు తెలుగు మాస్టారి క్వార్టర్సు పెరటిలో కొత్తగా నాటిన దొండ ముక్క ఒకటి చిగురు వేసి ఉంది. అది ఎవరి చేతి మీదుగా వెళ్లిందో నాకు తెలుసు, చెప్పను.

ఇంటరు, వ్యవసాయ కళాశాల, ఉద్యోగం వరుసగా జరిగిపోయాయి. ఉద్యాన శాఖలో నా కాలంలో ఎక్కువ భాగం పందిళ్ల కిందే గడిచింది. కర్రల పందిరి ఏటా కూలిపోతూ ఉంటే విసిగిపోయిన రైతుల చేత రాతి స్తంభాలు పాతించి, ఇనుప తీగలు అల్లించి, రాయితీ కాగితాలు పూర్తి చేయించి, శాశ్వత పందిళ్లు వేయించడం నా పని. ఖర్చు చూసి మొదట వెనకాడిన ఊళ్లలోనే తరువాత దొండ, బీర, కాకర పందిళ్లు వరుసగా లేచాయి. ఆ పందిళ్ల కింద నడిచేటప్పుడు రైతులు నన్ను సారు అని పిలుస్తారు. మీరు పిలిచిన పేరు వాళ్లకు ఇంతవరకు తెలియదు, తెలియనివ్వవద్దని మనవి. ఇవేవో సొరకాయ కోతలని 22వ నంబరు అనుకుంటే, ఒక ఆదివారం వచ్చి కళ్లారా చూడవచ్చు, కడుపారా తినవచ్చు.

మా అమ్మాయి ఇప్పుడు పిల్లల డాక్టరు. దాని పెళ్లికి మీలో చాలామంది వచ్చారు. ఆ విందులో జీడిపప్పు, కొబ్బరి వేసి కరకరలాడేలా వేయించిన దొండకాయ వేపుడును ఎవరెవరు మారు అడిగారో వడ్డన దగ్గర నిలబడి స్వయంగా చూశాను. ఇప్పుడు హైకోర్టులో వాదిస్తున్న 9వ నంబరు మూడోసారి కూడా వేయించుకుని, ఇది ఏ కూర అని అడిగాడు. నేను చెప్పాను. ఒక్క క్షణం కంచం వైపు చూసి, పాత కేసును తిరగదోడే ఉద్దేశం తన క్లయింట్లకు లేదని చెప్పి తినడం కొనసాగించాడు.

ఇక క్యాబేజీ. దాని వాసన బుధవారాలలో రెండో పీరియడుకే తరగతి గదికి చేరేది. ఆరోగ్యానికి మంచిదంటారు, ఉండవచ్చు. సైన్సు మాస్టారు అంతటివారు కూడా దాని పక్షాన ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు. శాఖలో ఉన్నన్నాళ్లూ రైతుల చేత దానిని బాగానే పండించాను. తినమని మాత్రం నన్ను ఎవరూ అడగకండి.