శుక్లం ఆపరేషన్ తర్వాత బండి మీదికి ఏ కళ్లజోడు?

శుక్లం తీసి దూరపు చూపుకి సరిపోయే లెన్స్ వేశారు. బోర్డులన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. కానీ మధ్యాహ్నం గుంటూరు నుంచి తెనాలి వైపు బండి మీద వెళ్తే ఆ వెలుగుకి కళ్లు మూసుకుపోతున్నాయి. పైగా గాలి, దుమ్ము.

డాక్టరుగారు బండి నడపొచ్చన్నాకే షాపుకెళ్లాను. షాపువాళ్లు ఎండకి రంగు మారే అద్దాలు తీసుకోమన్నారు. అవి రంగు మారేది ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాలు తగిలితేనే. హెల్మెట్ వైజరే వాటిని చాలావరకు ఆపేస్తుంటే ఇక రంగు మారేదెలా? వద్దన్నాను. పోలరైజ్డ్‌వి పెట్టుకుంటే రోడ్డు మెరుపు తగ్గింది గానీ, తల వంచినప్పుడల్లా బండి డిజిటల్ మీటరు నల్లబడిపోతోంది. చివరికి యూవీ 400 (అంటే యూవీని దాదాపు పూర్తిగా ఆపేది) ఉన్న బూడిద రంగు పాలీకార్బొనేట్ (తేలిగ్గా పగలని ప్లాస్టిక్) అద్దాలు తీసుకున్నాను. పవర్ లేదు, పక్కలకి చుట్టుకునే ఫ్రేము, సన్నటి కాడలు. లావుపాటివైతే హెల్మెట్ కింద కణతలు నొక్కేస్తాయి. షాపులోనే హెల్మెట్ పెట్టుకుని చూశాను. కుర్రాడు నవ్వాడు, నవ్వనీ!

చీకటి పడ్డాక రంగు లేని జత. రాత్రికి పసుపు అద్దాలు భేషంటాడు మా బావమరిది. నాకైతే నమ్మకం లేదు. బంకులో బిల్లు చదవాలంటే మాత్రం జేబులోంచి రీడింగ్ గ్లాసెస్ తీయాల్సిందే.