వెదరైజేషన్‌కి అప్లై చేసే ముందు అటకెక్కి చూడండి

ఒహాయోలో మేం అద్దెకిచ్చే 1920ల నాటి రెండు వాటాల ఇంటికి వెదరైజేషన్ పని, అంటే గాలి సందులు మూసి ఇన్సులేషన్ నింపే పని, నిన్ననే ముగిసింది. అమెరికాలో ఇది 1976 నుంచీ ఉన్న ఫెడరల్ పథకం. డబ్బు ఇంధన శాఖది, పంచేది రాష్ట్రం, పని చేయించేది స్థానిక ఏజెన్సీ. "ఫ్రీగా కొత్త కిటికీలు వేస్తారట" అని మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది దీని గురించే. కిటికీల మీద ఆశ పెట్టుకోకండి. ఏ పనికైనా పెట్టిన ఖర్చు దాని ఆయుష్షులోపు బిల్లుల్లో తిరిగి రావాలన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కలో కిటికీ నెగ్గడం చాలా అరుదు.

అర్హత చూసేది ఓనరుకి కాదు, అద్దెకున్నవాళ్లకి. ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకి రెండింతల లోపుండాలి. 2025 లెక్కన నలుగురున్న ఇంటికి అది 64,300 డాలర్లు. రెండు లేదా నాలుగు వాటాల ఇంట్లో సగం వాటాలకి అర్హత ఉంటే ఇల్లంతా చేస్తారు, మిగతా వాటికి 66 శాతం కావాలి. మా కింది వాటా ఒక్కటే అర్హం, సరిపోయింది. వాళ్ల జీతం కాగితాలు మీరు అడగొద్దు, నేరుగా ఏజెన్సీకి వాళ్లే ఇచ్చుకుంటారు. మన నుంచి కావలసింది రాతపూర్వక అనుమతి, ఈ పని సాకుతో కొంతకాలం అద్దె పెంచనన్న సంతకం. ఆ సంతకం దగ్గరే జారుకున్న ఓనర్లు నాకు తెలుసు. గ్యాస్ బిల్లు కట్టేది వేరేవాళ్లయితే ఇల్లు జల్లెడలా ఉన్నా చలి వెయ్యదు మరి.

ఆడిట్ రోజు ముందు తలుపులో ఫ్యాను బిగించి, ఇంట్లో గాలిని బయటికి లాగి, లోపలికీ బయటికీ 50 పాస్కల్స్ పీడనం తేడా దగ్గర గాలి ఎంత లీకవుతుందో కొలిచారు. నిమిషానికి 5,200 ఘనపుటడుగులు. బెలూన్ ఫ్రేమింగ్ అనే పాత పద్ధతిలో కట్టిన మాలాంటి చెక్క ఇళ్లలో గోడల లోపలి ఖాళీ బేస్‌మెంటు నుంచి అటక దాకా పొగగొట్టంలా సాగుతుంది, కాబట్టి వింతేం కాదు. ఆడిటర్ అటకెక్కి రెండు నిమిషాల్లో దిగి ఫారంలో ఒక గడిలో టిక్కు పెట్టాడు. డిఫరల్, అంటే అడ్డు తీరేదాకా పని వాయిదా. కారణం నాబ్ అండ్ ట్యూబ్ అనే పాతకాలపు వైరింగ్.

నేను 200 ఆంపుల కొత్త ప్యానెల్ చూపించి వాదించాను. ప్యానెల్ కొత్తదైతే వైరింగ్ కొత్తదైపోదని అద్దెవాళ్ల ముందు చెప్పించుకున్నాను.

అతను చెప్పింది నిజమే. ఆ తీగలు పింగాణీ గుబ్బల మీద, దూలాలకి చేసిన రంధ్రాల్లో పింగాణీ గొట్టాల గుండా, ఫేజ్ ఒక దారిన న్యూట్రల్ ఒక దారిన పోతాయి. ఎర్త్ ఉండదు. పుట్టిన వేడి చుట్టూ ఉన్న గాలిలోకి పోవాలి. వాటి మీద అడుగు మందాన సెల్యులోజ్ (కాగితపు పీచుతో చేసే ఇన్సులేషన్) కప్పితే ఆ వేడికి దారుండదు, ఎప్పుడో పెళుసెక్కిన తొడుగు రాలిపోతుంది. ఎలక్ట్రికల్ కోడ్ కూడా ఇన్సులేషన్ నింపిన చోట అవి ఉండొద్దంటుంది.

ఒళ్లు మండింది ఆఫీసు తీరుకి. ఏం చేస్తే డిఫరల్ ఎత్తేస్తారని మూడుసార్లు ఫోన్ చేస్తే మూడు జవాబులు. ఇల్లంతా రీవైర్ చెయ్యమని ఒకరు, తీగ కొనలకి టేపు చుడితే చాలని ఇంకొకరు, ఎలక్ట్రీషియన్ లెటర్ తెమ్మని మూడోవారు. ఆ మూడోదే నిజం. ఇన్సులేషన్ పడే చోట కరెంటు ఉన్న పాత తీగ లేదని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ సంతకం కావాలి. ఇలాంటి రిపేర్లకి రెడీనెస్ ఫండ్ అని ఒకటుంది, అడిగి చూడండి. అద్దె ఇల్లు కాబట్టి ఓనరే పెట్టుకోవాలన్నారు నాతో.

మొదటి ఎలక్ట్రీషియన్ ప్యానెల్ దగ్గర రెండు పాత సర్క్యూట్లు తెంపి లెటర్ చేతిలో పెట్టాడు. రెండోసారి ఆడిటర్ వచ్చి పై వాటా మెట్ల లైటు వెయ్యగానే అటకలో టెస్టర్ (తీగలో కరెంటుంటే కూసే పరికరం) కూసింది. ఎవరో ఎప్పుడో కొత్త రోమెక్స్ కేబుల్‌ని (ఇప్పటి ఇళ్లలో వాడే ప్లాస్టిక్ తొడుగు కేబుల్) అటక పలకల కింద పాత తీగకి, జంక్షన్ బాక్సు కూడా లేకుండా అతికించారు. ప్యానెల్ దగ్గర చూస్తే అంతా కొత్త కేబులే. మళ్లీ డిఫరల్, ఇంకో ఏడు వారాలు.

కాబట్టి బ్రేకర్లూ స్విచ్చులూ అన్నీ ఆన్ చేశాకే తీగ వెంబడి టెస్టర్ పెట్టించండి. ఆఫ్‌లో ఉన్న స్విచ్ తర్వాతి తీగ చచ్చినట్టే కనిపిస్తుంది. మెట్ల దగ్గర ఒకే లైటుని రెండు చోట్ల నుంచి వేసే త్రీ-వే స్విచ్చులుంటే రెండు వైపులా మార్చి మార్చి చూడాలి. న్యూట్రల్ దగ్గర టెస్టర్ కూయదు, దాన్ని నమ్మి వదిలెయ్యొద్దు. అటక పలకలు లేపించండి. లెటర్‌లో అటక, బయటి గోడలు అని విడివిడిగా రాయించండి. రెండో ఎలక్ట్రీషియన్‌కి ఇదంతా నేనే చెప్పి చేయించాను, మూడో ఆడిట్‌లో టెస్టర్ నోరెత్తలేదు.

తర్వాత మూడు రోజుల పని. ముందు చిమ్నీ చుట్టూ సందుకి రేకు, మంటకి ఆగే కాక్ (సందులు పూడ్చే ముద్ద). బాత్రూం ఫ్యాను గొట్టం అటకలోకే తెరిచి ఉంటే బయటికి తిప్పించారు, లేకపోతే ఆవిరికి ఇన్సులేషన్ తడిసిపోతుంది. గోడల్లో ఘనపుటడుగుకి 3.5 పౌండ్ల చొప్పున సెల్యులోజ్ దట్టించారు. అంతకంటే పలచనైతే కొన్నేళ్లకి కిందికి దిగి పైన ఖాళీ వస్తుంది. అటకలో ఆర్-49 (ఆర్ అంటే వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత), అంటే దాదాపు 14 అంగుళాలు. చివర్లో మళ్లీ ఫ్యాను పెట్టి కొలిస్తే గాలి లీకు నిమిషానికి 3,050 ఘనపుటడుగులు.

గోడలకి బయటినుంచి వేసిన రంధ్రాలకి చెక్క బిరడాలు కొట్టి వెళ్లారు. రంగు మాత్రం మనమే వేసుకోవాలి. ఉత్తరం గోడ ఇంకా మిగిలే ఉంది.