తంగేడు దొరికినంత మేర

వరంగల్ దిక్కు పిల్లలకు దసరా సెలవులంటే బతుకమ్మ సెలవులే. దేశమంతా పెత్తరమాస (భాద్రపద అమావాస్య) నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలుపెట్టి తొమ్మిది రోజులు పూలు పేరుస్తదనీ, చెరువు లేని ఊరే ఉండదనీ వాళ్ల లెక్క. ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాలు "మా దిక్కు బతుకమ్మ ఆడరు, కొన్ని ఇండ్లల్ల బొమ్మల కొలువు పెడతరు" అంటే ఈ పిల్లలు అస్సలు నమ్మరు. అంత దూరం కూడా పోనక్కర లేదు, వేములవాడల ఆఖరి పండుగ, సద్దుల బతుకమ్మ, ఏడో రోజే అయిపోతదంటే హనుమకొండ పిల్లలు నోరు తెరుస్తరు.

కానీ ఆ లెక్క గాలిల పుట్టింది కాదు. మెట్ట నేలల పసుపు పూల తంగేడు, జొన్న చేన్ల తెల్ల కొసల గునుగు, ఊరి పక్కనే చెరువు, ఈ మూడూ ఒక్క దగ్గర ఉంటేనే ఈ పండుగ. కాకతీయుల కాలం నుంచి పాకాల, రామప్ప, లక్నవరం లాంటి చెరువులు నిండే నేల ఇది. అదే తంగేడు తమిళనాడుల కూడా విరగబూస్తది, అక్కడ దాన్ని ఆవారం అంటరు, బతుకమ్మ మాత్రం పేర్చరు. సెలవుల్ల పువ్వు కోసం తిరిగినంత మేరే లోకం అనుకునే పిల్లలకు ఆ మేరల ఏ గట్టు మీద ఏముందో మాత్రం తప్పు లేకుండా తెలుస్తది.

పువ్వు తెచ్చుడు దగ్గరనే సగం పని. గునుగు వాడిపోదు, రెండు రోజుల ముందే కోసి పెట్టుకోవచ్చు. తంగేడు అట్ల కాదు. పొద్దుగాలనే కోసి, తడిబట్ట కప్పి నీడకు పెట్టాలె. ఎండెక్కినంక కోస్తే సాయంత్రానికి రేకులు రాలి ఉత్త కాడలు మిగులుతయి.

గునుగును పది పదిహేను కాడల చొప్పున కొసలు సమానంగా పట్టి, దారంతో కట్టి, కాడలు ఒక్క కొలతకు కత్తిరించాలె. వేడినీళ్లల్ల రంగు కలిపి తెల్లటి కొసలు మాత్రమే ముంచి, విదిలించి, తలకిందులుగా నీడకు ఆరబెట్టాలె. తడి ఆరకముందే పేరిస్తే ఎర్రరంగు కిందికి కారి తంగేడు పసుపును పాడు చేస్తది. చాలామంది తొందరపడేది ఇక్కడే.

తాంబాలంల గుమ్మడాకులు గానీ ఆముదపు ఆకులు గానీ పరిచి, అంచు చుట్టూ తంగేడుతో మొదటి వరుస. కాడలు లోపలికి, పువ్వు బయటికి. నడుమ ఖాళీల కత్తిరించిన కాడలు, ఆకు ముక్కలు నింపి అరచేత్తో గట్టిగా అదమాలె. ప్రతి వరుసకూ ఇదే పని. బతుకమ్మ ఒరిగిందంటే తప్పు పైన ఉండదు, రెండో మూడో వరుస కింద నడుమ బోలుగా మిగిలిపోయి ఉంటది. కాడలు పొడుగైతే నడుమ గుట్టలెక్క లేస్తది, బయటి పువ్వు జారుతది. వరుస వరుసకు వేలెడంత లోపలికి జరిగితే చాలు. ఎక్కువ జరిపితే ఎత్తు రాకముందే కొస వచ్చేస్తది. గునుగు, బంతి, చామంతి, కట్లపూలు మార్చుకుంట పోయి, కొసకు గుమ్మడిపువ్వు, పక్కన తమలపాకుల పసుపు గౌరమ్మ. అడుగున్నర వెడల్పు తాంబాలానికి రెండడుగుల ఎత్తు దాటకపోతే మంచిది, చెరువుకాడికి తల మీద పెట్టుకొని నడిచేది ఉంటది.

ఇయ్యాల గునుగు కోసం చేన్ల వెంట తిరిగినా చాలాచోట్ల దొరకదు. అది కలుపు మొక్క, మందు కొడితే ముందు పోయేది అదే. పత్తి, మక్క చేన్ల గట్ల మీద మిగిలిన నాలుగు మొక్కల్నైనా గింజ పడేదాక పీకకుండా ఉంచితే వచ్చే ఏడుకు పువ్వుంటది. బజార్ల కట్టలు కొనే పిల్లలకు ఆ గట్టును ఒక్కసారన్నా చూపెట్టాలె.

సద్దులనాటి మలీదకు మూడు రొట్టెలు చాలు. వేడి మీదనే తుంచి, గుప్పెడు బెల్లం తురుము, రెండు చెంచాల నెయ్యి వేసి చేత్తో పిసకాలె. రొట్టె చల్లారితే బెల్లం పట్టదు, ఉండ కట్టదు. బతుకమ్మను నీళ్లల్ల వదిలినంక గౌరమ్మ పసుపును ఆడవాళ్లు పుస్తెలకు రాసుకుంటరు. ఆ వెంటనే చెరువుకట్ట మీదనే గిన్నె మూత తీసి, చేయి చాపిన ప్రతి పిల్ల అరచేతుల మలీద పెడుతరు, ఎవరి ఇంటి పిల్ల అని అడగకుండనే.