గేలిక్ ఫుట్‌బాల్ రూల్స్ మారిన ఏడాదే రిఫరీ కోర్సు చేశాను

డబ్లిన్ శివార్లలో ఉండే మనవాళ్ల పిల్లలు చాలామంది స్కూల్లో స్నేహితుల వెంటో, వేసవి క్యాంపు పుణ్యమానో ఏదో ఒక జీఏఏ (గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, గేలిక్ ఫుట్‌బాల్ లాంటి ఐరిష్ ఆటల్ని నడిపే సంఘం) క్లబ్బులో చేరిపోతారు. మా అబ్బాయీ అంతే. పిల్లాడు చేరాడంటే ఇంటిల్లిపాదీ చేరినట్టే లెక్క. ఇక్కడ ఆడేవాళ్లకి జీతాలు ఉండవు. డబ్లిన్‌లోని పెద్ద స్టేడియం క్రోక్ పార్క్‌లో 82 వేల మంది ముందు తన కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఆడే ఆటగాడు కూడా సోమవారం పొద్దున్నే టీచరుగానో ఎలక్ట్రీషియన్‌గానో పనికి పోవాల్సిందే. క్లబ్బు పనులన్నీ ఊరికే చేసేవాళ్ల మీదే నడుస్తాయి. ఒకరు జెర్సీలు ఉతుకుతారు, ఒకరు టీ పెడతారు, ఒకరు పిచ్ మీద గీతలు వేస్తారు. నాకు గోల్ పోస్టు పక్కన తెల్లకోటు వేసుకుని నిలబడే అంపైర్ పని తగిలింది. కొన్నాళ్లకి క్లబ్బు సెక్రటరీ, "రిఫరీలు దొరకడం లేదు, కోర్సు చేస్తావా?" అని అడిగింది. సరేనన్నాను. అది 2024 చివర్లో. అప్పటికే రూల్స్ పుస్తకాన్ని తిరగరాసే పని జోరుగా సాగుతోంది.

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. జట్టుకి 15 మంది. గోల్ పోస్టులు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటాయి. బంతి అడ్డకర్ర పైనుంచి పోతే 1 పాయింట్, కింద వలలో పడితే గోల్, అంటే 3 పాయింట్లు. బంతిని చేత్తో పట్టుకుని నాలుగు అడుగులకు మించి వెయ్యకూడదు; నేలకి కొట్టి అయినా పట్టుకోవాలి, కాలి వేళ్లతో పైకి తన్ని అయినా పట్టుకోవాలి. ఈ రెండోదాన్ని సోలో అంటారు. పక్కవాడికి ఇవ్వాలంటే తన్నొచ్చు, లేదా పిడికిలితో కొట్టొచ్చు. చెప్పుకుంటే ఇంత హుషారైన ఆట ఇంకోటి లేదనిపిస్తుంది.

చూస్తే మాత్రం అలా ఉండేది కాదు. 2024 వేసవిలో మా నాన్న తెనాలి నుంచి వచ్చారు. ఆయన వయసులో ఉన్నప్పుడు కబడ్డీ బాగా ఆడినవారు. ఒక మ్యాచ్‌కి తీసుకెళ్లాను. కాసేపు ఓపిగ్గా చూసి, "ఒరేయ్, వీళ్లేంట్రా, బంతిని అటూ ఇటూ చేతులు మార్చుకోవడమే గానీ ఒక్కడూ లోపలికి వెళ్లడు?" అన్నారు. "ఎదురుగా పద్నాలుగు మంది గోడ కట్టి నిలబడ్డారు నాన్నా, ఎలా వెళ్తారు?" అన్నాను. "మరి వెళ్లకపోతే నష్టమేంటి వాళ్లకి?" అన్నారు. నష్టమేమీ లేదు. అసలు సమస్య అదే. కబడ్డీలోనూ ఒకప్పుడు రెయిడర్ ఊరికే గీత తాకి వెనక్కి వచ్చేసేవాడు. ప్రో కబడ్డీలో వరసగా రెండు రెయిడ్లు ఖాళీగా పోతే మూడోదాన్ని 'డూ ఆర్ డై' చేశారు. పాయింటు తేకపోతే రెయిడర్ అవుట్. ఆ తర్వాత ఎవడూ ఊరికే కాలక్షేపం చెయ్యలేదు.

గేలిక్ ఫుట్‌బాల్‌లో ఈ గోడ కట్టడం ముదిరింది 2011 ప్రాంతంలో. ఆ ఏడాది ఆల్ ఐర్లండ్ (కౌంటీల మధ్య జరిగే జాతీయ టోర్నీ) సెమీఫైనల్లో డబ్లిన్ 0-8, డోనెగల్ 0-6. స్కోరులో ముందుది గోల్స్, తర్వాతది పాయింట్లు. అంటే 70 నిమిషాల ఆటలో రెండు జట్లకీ కలిపి ఒక్క గోలూ లేదు, 14 పాయింట్లు. డోనెగల్ మేనేజర్ జిమ్ మెగిన్నెస్ దాదాపు జట్టునంతా వెనక్కి దించేశాడు. అందరూ తిట్టారు, మరుసటి ఏడాది అదే డోనెగల్ కప్పు కొట్టింది, ఇక తిట్టినవాళ్లంతా అదే పద్ధతి పట్టారు. 2024 ఫైనల్లో ఆర్మా 1-11తో గాల్వే 0-13 మీద ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. టెన్షన్‌కి లోటు లేదు. ఆట కోసం చూసినవాళ్లకే కాస్త ఓపిక కావాల్సి వచ్చింది.

ఆ ఏడాదే జీఏఏ అధ్యక్షుడు జార్లత్ బర్న్స్ ఒక కమిటీ వేసి జిమ్ గ్యావిన్‌కి అప్పజెప్పాడు. డబ్లిన్‌కి 2013లో ఒకటి, 2015 నుంచి 2019 దాకా వరసగా ఐదు, మొత్తం ఆరు ఆల్ ఐర్లండ్‌లు తెచ్చిన మేనేజర్. అంతకుముందు వాయుసేనలో పైలట్. బంతిని ఎంతసేపైనా చేజారనివ్వకుండా ఆడించడంలో ఆయన్ని మించినవాడు లేడు. దొంగకి తాళాలిచ్చారని మా క్లబ్బులో జోకులు వేసుకున్నారు. నా మటుకు నాకు సరైన మనిషినే పట్టుకున్నారనిపించింది. (2025 శరదృతువులో ఆయన దేశాధ్యక్ష ఎన్నికల్లో నిలబడి, ప్రచారం మధ్యలోనే తప్పుకున్నాడు. పిచ్ మీద రూల్స్ మార్చినంత తేలిక కాదు మరి అది.)

అక్టోబర్ 2024లో క్రోక్ పార్క్‌లో నాలుగు ప్రావిన్సుల జట్లతో ప్రయోగం చేశారు. అందులో గోల్‌కి 4 పాయింట్లు కూడా ఉంది; అది తర్వాత ఎగిరిపోయింది. మిగతావాటిని నవంబర్ 30న జీఏఏ ప్రతినిధుల సభ, అంటే ప్రత్యేక కాంగ్రెస్, 2025 సీజన్ కోసం ఆమోదించింది.

ఇక నా కోర్సు. అన్నిటికన్నా ముందు గార్డా వెట్టింగ్, అంటే ఇక్కడి పోలీసు తనిఖీ. పిల్లల దగ్గర పనిచేసే ఎవరికైనా తప్పదు. ఆ ఫారంలో పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఉన్న అడ్రసులన్నీ రాయాలి. ఐరిష్ నాన్నలు రెండో మూడో రాసి పక్కన పెట్టేశారు. నేను తెనాలి మొదలుపెట్టి, విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్, అమీర్‌పేటలో ఐదుగురం ఉన్న రూము, కూకట్‌పల్లి, బెంగళూరులో రెండు పీజీలు, అలా దిగుతూనే ఉన్నాను. అమీర్‌పేట రూముకి ఇంటి నంబరు గుర్తులేదు. 'ఫలానా మెస్ పక్క సందు' అన్నది గుర్తుంది. పాత రూమ్మేట్లకి వాట్సాప్‌లో మెసేజ్ పెడితే ఒకడు, "ఏంట్రా, కేసేమైనా అయిందా?" అని ఫోన్ చేశాడు. ఇంతా చేస్తే అదేమీ ఇబ్బంది పెట్టకుండానే వచ్చేసింది. తర్వాత పిల్లల రక్షణ మీద ఒక చిన్న శిక్షణ, అది సాఫీగా అయిపోయింది.

అసలు క్లాసులు సాయంత్రాలు, క్లబ్బు పైఅంతస్తు గదిలో. మాకు చెప్పినాయన ఇరవై ఏళ్లకు పైగా విజిల్ ఊదిన పెద్దమనిషి. మొదటి రోజే, "పాతవి మీకు తెలియకపోవడం మీ అదృష్టం. నేను ఉన్నది మర్చిపోయి మళ్లీ నేర్చుకుంటున్నాను" అన్నాడు. లీగ్ నడుస్తుండగానే కొన్ని రూల్స్‌కి సవరణలు కూడా వచ్చాయి. పరీక్షకి చదివిన కాగితాల మీదే పెన్నుతో కొట్టేసి మళ్లీ రాసుకున్నాం.

జనం ఎక్కువగా మాట్లాడుకున్నది ఆర్క్ గురించి. గోల్ నుంచి 40 మీటర్ల దూరంలో ఒక పెద్ద వంపు గీత. దాని బయటినుంచి కాలితో తన్ని అడ్డకర్ర పైనుంచి పంపితే 2 పాయింట్లు, అంపైర్ నారింజ జెండా ఊపుతాడు. అప్పటిదాకా పాయింటుకి తెల్ల జెండా, గోల్‌కి ఆకుపచ్చ జెండా, రెండే. ఆ గీత దేశమంతా ప్రతి క్లబ్బూ వేసుకోవాల్సి వచ్చింది. మా పిచ్ మీద వేసిన రోజు నేనూ ఉన్నాను. గోల్ గీత మధ్యలో మేకు కొట్టి, టేపు చివర ఒకరు పట్టుకుని నడుస్తుంటే వెనక రంగు యంత్రం తోసుకుంటూ ఇంకొకరు. గాలికి టేపు విల్లులా వంగేది. మధ్యలో ఒక చోట గీత లోపలికి వచ్చిందని, కాదు సరిగ్గానే ఉందని పావుగంట వాదన. చివరికి టేపు మళ్లీ లాగి కొలిచి ఆ ముక్క మళ్లీ వేశాం. ఆ వంకర ముక్క చాలా వారాలు వెలిసిపోకుండా అలానే కనిపించేది. ఫార్వర్డులు దాన్ని చూపించి బేరాలాడేవారు.

మిగతా పెద్ద మార్పులు ఇవి. ప్రతి జట్టూ ఎప్పుడూ ముగ్గురిని ఎదుటివాళ్ల సగంలో ఉంచాలి; అంటే గోడ కట్టడానికి మనుషులు తక్కువ పడతారు. ఆట మళ్లీ మొదలుపెట్టడానికి గోల్‌కీపర్ కొట్టే కిక్‌ఔట్ ఆర్క్ దాటి పోవాలి. పక్కనే ఉన్న డిఫెండర్‌కి మెల్లగా అందించడం కుదరదు, నడి మైదానంలో గాల్లోకి ఎగిరి పట్టుకోవాల్సిందే. ఫౌల్ జరిగితే దెబ్బతిన్నవాడు ఫ్రీ కిక్ కోసం ఆగకుండా అక్కడికక్కడే సోలో చేసుకుని పరిగెత్తొచ్చు. ఇక ఫౌల్ చేసినవాడు బంతిని ఎదుటివాడి చేతికి ఇవ్వకపోయినా, నసిగినా, అడ్డం పడినా ఫ్రీ కిక్ 50 మీటర్లు ముందుకు పోతుంది. రిఫరీతో కెప్టెన్ తప్ప ఎవరూ మాట్లాడకూడదు.

పేపర్లన్నీ 2 పాయింట్ల కిక్ గురించే రాశాయి. విజిల్ పట్టుకున్నాక నాకు తెలిసింది వేరు. ఆటను నిజంగా కదిలించింది ఆ 50 మీటర్లే.

నేను రిఫరీగా దిగిన తొలి మ్యాచుల్లో ఒకటి, పెద్దవాళ్ల లీగ్‌లో కింది డివిజన్. ఒక కార్నర్ బ్యాక్ (గోల్ పక్కన కాపలా కాసే డిఫెండర్), నలభైకి దగ్గర పడ్డవాడు, ఫౌల్ చేసి అలవాటు కొద్దీ బంతిని నడుం వెనక దాచుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఇరవై ఏళ్లుగా అందరూ చేస్తున్న పనే. ఆ పది సెకన్లలో జట్టంతా వెనక్కి చేరిపోతుంది. నేను చెయ్యెత్తి 50 మీటర్లు చూపించాను. బంతి అతని గోల్ ముందుకి వచ్చి పడింది. అతను నా మొహం చూశాడు, నోరు తెరిచాడు, కెప్టెన్ పరిగెత్తుకొచ్చి అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. అందరూ నవ్వారు. మే నెల వచ్చేసరికి ఇలాంటివి దాదాపు పోయాయి. ఫౌల్ చేసినవాడే బంతిని తెచ్చి మర్యాదగా చేతిలో పెట్టి పరిగెత్తేవాడు. గోడ కట్టుకోవడానికి దొరికే టైమ్ అక్కడే పోయింది. నసిగేవాళ్లు తగ్గడం రిఫరీగా నాకు దక్కిన బోనస్. సెక్రటరీకి రిఫరీలు దొరక్కపోవడానికి కారణం మరి ఆ తిట్లే కదా.

ముగ్గురి రూల్ మాత్రం చుక్కలు చూపించింది. కౌంటీ మ్యాచుల్లో లైన్ మీద శిక్షణ పొందినవాళ్లు ఉంటారు, టైమ్ అయితే హూటర్ మోగుతుంది. మా దగ్గర లైన్ మీద ఉండేది ఏ జట్టు వాళ్ల బాబాయో, మామో. బంతి ఒక చివర, సగం గీత దగ్గర ముగ్గురున్నారా ఇద్దరున్నారా అన్నది ఇంకో చివర. మెడ అటూ ఇటూ తిప్పి తిప్పి నొప్పి పుట్టేది. ఆట ఎంత రంజుగా మారిందో, రిఫరీ పరుగు అంత పెరిగింది. కోర్సులో ఫిట్‌నెస్ టెస్టు ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది.

కౌంటీ స్థాయిలో ఏం జరిగిందో టీవీలో అందరూ చూశారు. జూన్ చివర్లో క్వార్టర్ ఫైనల్: కెర్రీ 0-32, ఆర్మా 1-21. డిఫెండింగ్ ఛాంపియన్ ఆర్మా తన కిక్‌ఔట్‌లను తానే పట్టుకోలేకపోయింది. రెండో సగంలో కెర్రీ వరసగా 14 పాయింట్లు కొట్టేసింది. పాత రూల్స్‌లో అయితే ఆర్మా గోల్‌కీపర్ బంతిని పక్కవాడికి చిన్నగా అందించి, జట్టు ఊపిరి పీల్చుకునేది. 1957 తర్వాత మొదటిసారి లౌత్ కౌంటీ లీన్‌స్టర్ ప్రావిన్సు టైటిల్ గెలిచిందీ ఆ వేసవిలోనే. అది రూల్స్ వల్లేనని చెప్పను గానీ, ఆ ఫైనల్ చూసినవాళ్లెవరూ బోర్ కొట్టిందని అనరు.

జూలై 27న ఫైనల్, కెర్రీ 1-26, డోనెగల్ 0-19. డోనెగల్ మేనేజర్ మళ్లీ ఆ మెగిన్నెస్సే. ముందటేడు ఫైనల్లో రెండు జట్లూ కలిపి 27 పాయింట్లు చేస్తే, ఇందులో 48. ఇందులో 2 పాయింట్ల కిక్కుల ఉబ్బు కొంత ఉందనుకోండి, అయినా తేడా పెద్దదే. అయితే ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. కెర్రీ మొదటి నుంచీ ముందే ఉంది, ఫైనల్‌గా చూస్తే ఏకపక్షం. ఫోన్లో మా నాన్న, "ఆట బాగుందిరా, పోటీ లేదు" అన్నారు. అంతకన్నా బాగా ఏ విశ్లేషకుడూ చెప్పలేదు. కెర్రీ స్టార్ ఫార్వర్డ్ డేవిడ్ క్లిఫర్డ్ లాంటివాడు ఒక జట్టులో ఉంటే ఏ కమిటీ మాత్రం ఏం చేస్తుంది?

అక్టోబర్ 4న జీఏఏ ప్రత్యేక కాంగ్రెస్ ఈ రూల్స్‌ని శాశ్వతం చేసింది. దానికి నేను సంతోషించాను, కానీ ఒక కన్నం మిగిలిపోయింది. గోల్‌కీపర్‌కి వెనక్కి పాస్ ఇవ్వడాన్ని కట్టడి చేశారు గానీ, అతను సగం గీత దాటి ముందుకొస్తే బంతి అందుకోవచ్చు. మొదట్లో దీనివల్ల ఇటు దాడికి 12 మంది, అటు కాపలాకి కీపర్ కాక 11 మంది అయ్యేవారు; సొంత సగంలో నలుగురు ఉండాలని లీగ్ మధ్యలో సవరించాక ఆ అదనపు మనిషి పోయాడు, కానీ కీపర్ బదులు ఇంకొకరు వెనక ఉంటే అతను ముందుకి రావొచ్చు.  చివరి నిమిషాల్లో ముందున్న జట్టు అతన్నీ కలుపుకుని మళ్లీ బంతిని చేతులు మార్చుకుంటూ నిలబడొచ్చు. కీపర్‌కి సగం గీత అవతల కూడా బంతి ఇవ్వకూడదని రాసేస్తే సరిపోతుందని నా వాదన. మా క్లబ్బు గోల్‌కీపర్‌కి ఈ మాట అస్సలు నచ్చలేదు. ఈ సీజన్‌లో ఇప్పటికే రెండు నారింజ జెండాలు అతని పేరు మీద ఉన్నాయి మరి.